కొత్త కారు మీద చిన్న గీత ఉంటే దాని మీద రంగు వేయనివ్వకండి

కొత్త కారు తలుపు మీద చిటికెన వేలంత గీత కనిపించి, అది చూపించి అడిగితే, షోరూం వాళ్లు మామూలుగా రెండు మాటల్లో ఒకటి అంటారు. "ఇది చాలా చిన్నది సార్, బండి రోడ్డెక్కితే ఇలాంటివి ఎన్నో పడతాయి" అనేది మొదటిది. "ఒక్క రోజు టైమివ్వండి, ఆ తలుపుకు పెయింట్ కొట్టించి ఇచ్చేస్తాం, మీరు వెతికినా కనిపించదు" అనేది రెండోది. మొదటి మాట వింటే మనకు కోపం వస్తుంది, రెండో మాట వింటే మనసు కుదుటపడుతుంది. నా అభిప్రాయం దీనికి పూర్తిగా తలకిందులు. మొదటి మాటలో కొనేవాడి పట్ల నిర్లక్ష్యం ఉన్నా కారుకు వచ్చే నష్టం ఏమీ లేదు. రెండో మాటలో మర్యాద ఉంది, దానితో పాటు నష్టమూ ఉంది. ఫ్యాక్టరీలో వేసిన రంగు రేకు మీద అలాగే ఉన్నంత కాలం, దాని మీద ఒక గీత ఉన్నా సరే, ఆ తలుపు కొత్త తలుపే. గీతను మాయం చేయడం కోసం ఆ రంగును సాండ్ పేపరుతో రుద్ది, మీద మరో రంగు కొట్టిన క్షణం నుంచి అది రిపేరు చేసిన తలుపు. మనం డబ్బు చెల్లించింది మాత్రం కొత్త తలుపుకే.

ఈ తేడా ఎంతటిదో తెలియాలంటే ఫ్యాక్టరీలో రంగు ఎలా పడుతుందో కాస్త వివరంగా చెప్పుకోవాలి. ఇంజను, వైర్లు, అద్దాలు, సీట్లు ఏవీ బిగించకముందు, కారు ఇంకా ఉత్త రేకు గూడుగా ఉన్నప్పుడే దాన్ని కడిగి, ఫాస్ఫేటు పూత పట్టించి, ఆ తరువాత మొత్తం గూడును ఒక పెద్ద తొట్టిలో ముంచి, విద్యుత్తు సాయంతో తుప్పును అడ్డుకునే పూత వేస్తారు. ఈడీ కోటు అని పిలిచే ఈ పూత తలుపు మడతల్లోకి, రేకుల అతుకుల్లోకి, స్ప్రే గన్ ఎన్నటికీ చేరలేని మూలల్లోకి కూడా వెళ్లి పట్టుకుంటుంది. దాని మీద ప్రైమరు, ఆ పైన మన కంటికి కనిపించే రంగు, అన్నిటి పైన ఎండ నుంచి కాపాడుతూ మెరుపునిచ్చే క్లియర్ కోటు వస్తాయి. ఈడీ కోటును 160 డిగ్రీలకు పైబడిన వేడిలో, పై పూతలను సుమారు 140 డిగ్రీల వేడిలో ఓవెన్‌లో కాలుస్తారు. ఇన్ని పొరలూ కలిపి మందం చూస్తే మామూలుగా 100 నుంచి 130 మైక్రాన్ల మధ్య ఉంటుంది (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). అందులో క్లియర్ కోటు 40 మైక్రాన్లకు కాస్త అటూ ఇటూ, అంటే తల వెంట్రుక కంటే పలచన.

అన్నీ బిగించిన కారుకు వర్క్‌షాపులో ఇదే పని ఇదే తీరుగా చేయడం ఎంతటి పనివాడికీ సాధ్యం కాదు. రబ్బరు బీడింగులు, ప్లాస్టిక్ భాగాలు, వైరింగు ఉన్న బండిని అంతటి వేడిలో పెట్టలేరు కనుక, హార్డెనర్ కలిపితే గట్టిపడే వేరే రకం రంగు వాడి, బూత్ అనే మూసిన పెయింట్ గదిలో సుమారు 60 డిగ్రీల వేడి దగ్గర ఆరబెడతారు. ఆ రంగు ఎన్నాళ్లు నిలుస్తుందన్నది రేకును ఎంత ఓపికగా రుద్దారు, ఎంత శుభ్రంగా తుడిచారు, ఆ రోజు గాలిలో తేమ ఎంత ఉంది, పనివాడికి ఎంత సమయం ఇచ్చారు అన్నవాటి మీద ఆధారపడి ఉంటుంది. మన ఊళ్లలో చేయి తిరిగిన పెయింటర్లు ఉన్నారు, వారి పనితనం మీద నాకు గౌరవమే ఉంది. అయితే మర్నాడు ఉదయం ముహూర్తానికి డెలివరీ ఇవ్వాల్సిన బండి మీద, ముందు రోజు సాయంత్రం హడావిడిగా చేసే పనిలో ఆ పనితనం చూపించే వీలు వారికి ఎవరిస్తారు?

మెటాలిక్ రంగులతో చిక్కు మరీ ఎక్కువ. వాటిలోని సన్నని లోహపు రేణువులు రంగు పిచికారీ చేసిన కోణాన్ని, ఒత్తిడిని బట్టి ఒక్కో తీరుగా పరుచుకుంటాయి కనుక, కంపెనీ రంగు కోడ్ ప్రకారమే కలిపినా చేతితో కొట్టిన తలుపు నీడలో కలిసిపోయి, సాయంత్రపు ఏటవాలు ఎండలో విడిగా తెలిసిపోతుంది. ముత్యపు తెలుపు రంగులదీ ఇదే కథ. ఈ తేడా తెలియకుండా ఉండడానికి పనివాళ్లు పక్క తలుపు మీదికి, చక్రం పైనుండే ఫెండర్ రేకు మీదికి కూడా రంగును కొంత పలచగా కలుపుకుంటూ పోతారు. ఆ విధంగా ఒక తలుపు మీది రెండంగుళాల గీత కోసం మూడు భాగాల ఫ్యాక్టరీ క్లియర్ కోటు మీద సాండ్ పేపరు పడుతుంది.

కాకినాడలో ఉండే మా బావ కారు విషయంలో దీని ఫలితం నేను దగ్గరుండి చూశాను. ఆయన దాన్ని కొత్తగా కొని, ఎక్కడా తగిలించకుండా, ఒక్కసారైనా పెయింటింగు షెడ్డు మెట్లెక్కకుండా కొన్నేళ్లు వాడి, అమ్మకానికి పెట్టారు. చూడడానికి వచ్చిన కుర్రాడు అరచేతిలో ఇమిడే పెయింట్ మందం మీటరును ఒక్కో రేకు మీద ఆనించుకుంటూ వచ్చాడు. బానెట్టు, ఫెండర్లు, ముందు తలుపులు అన్నీ నూటపది, నూటఇరవై దగ్గర చూపించాయి. కుడి వైపు వెనుక తలుపు దగ్గర అంకె 250 దాటింది. "ఈ పక్క ఏమైనా తగిలిందా సార్?" అని అడిగాడు. బావ లేదని ఒట్టేసి చెప్పారు. అప్పుడు ఆ కుర్రాడు తలుపు తెరిచి, లోపలి అంచు వెంట గోటితో పైనుంచి కిందికి గీసి చూపించాడు. రంగు పక్కకు పడకుండా మాస్కింగ్ టేపు అంటించిన చోట రంగు ఆగిపోయి, సన్నని మెట్టులా గోటికి తగులుతోంది. అద్దం కింది నల్ల రబ్బరు మీద పొడిపొడిగా రంగు తుంపర. ఆ తలుపుకు రంగు వేసింది డెలివరీకి ముందే అయి ఉండాలి, ఎందుకంటే ఆ తరువాత ఆ బండి ఆయన చేతిని దాటి ఎక్కడికీ పోలేదు. ఆ మాట రుజువు చేయడానికి ఆయన దగ్గర ఒక్క కాగితం కూడా లేదు. ధర తగ్గించి అడిగారు, అది ఒక నష్టం. నిజం చెబుతున్న మనిషిని, యాక్సిడెంటయిన బండిని దాచి అమ్ముతున్నవాడిగా చూశారు, నన్ను ఎక్కువ బాధపెట్టింది ఆ చూపే.

ఈ విషయం మీద ప్రపంచంలో బాగా పేరుపడిన కేసు అమెరికాలో జరిగింది. అలబామా రాష్ట్రంలోని బర్మింగ్‌హాంలో డాక్టర్ ఐరా గోర్ అనే ఆయన 1990 జనవరిలో నల్లని బీఎండబ్ల్యూ 535ఐ కారును నలభై వేల డాలర్లకు పైగా పెట్టి కొత్తదిగా కొన్నారు. సుమారు తొమ్మిది నెలల పాటు ఆయనకు అందులో ఏ లోపమూ కనిపించలేదు. మరింత మెరుపు కోసం పాలిష్ చేసే చోటికి తీసుకువెళ్తే, అక్కడి పనివాడు ఈ కారుకు మళ్లీ రంగు వేశారని కనిపెట్టాడు. రవాణాలో ఆమ్ల వర్షం వల్ల రంగు దెబ్బతిన్నదని, అమెరికా చేరాక కంపెనీయే రంగు వేయించిందని తరువాత తేలింది. రిపేరు ఖర్చు కారు ధరలో 3 శాతానికి మించకపోతే డీలరుకు కూడా చెప్పకుండా కొత్తదిగానే అమ్మాలన్నది అప్పట్లో ఆ కంపెనీ విధానం. ఈ కారుకు అయిన ఖర్చు 601 డాలర్లు, అంటే ధరలో ఒకటిన్నర శాతం.

జ్యూరీ ఆయనకు జరిగిన నష్టాన్ని 4,000 డాలర్లుగా లెక్కకట్టింది. మళ్లీ రంగు వేసిన కారు విలువ సుమారు పది శాతం తగ్గుతుందన్న సాక్ష్యం ఆ లెక్కకు ఆధారం. దాని మీద శిక్షగా మరో 40 లక్షల డాలర్లు విధించింది. రాష్ట్ర సుప్రీంకోర్టు దాన్ని 20 లక్షలకు తగ్గించగా, 1996 మేలో అమెరికా సుప్రీంకోర్టు అది కూడా మితిమీరినదని 5–4 తేడాతో తేల్చింది. చివరికి శిక్ష సొమ్ము 50,000 డాలర్ల దగ్గర ఆగింది. న్యాయశాస్త్ర విద్యార్థులు ఈ కేసును శిక్ష సొమ్ముకు హద్దు ఎక్కడ అన్న ప్రశ్న కోసం చదువుతారు. కారు కొనేవాడిగా నేను చూసేది వేరు. 601 డాలర్ల పనికి విలువలో 4,000 డాలర్ల తరుగు వచ్చింది, అంటే రంగు వేయించడానికి షోరూంకు అయ్యే ఖర్చుకూ, దాని వల్ల కొన్నవాడు పోగొట్టుకునే విలువకూ పొంతన ఉండదు. రెండోది, ఆ కారుకు రంగు బాగానే వేశారు, తొమ్మిది నెలలు యజమాని కంటికి ఏ తేడా తెలియలేదు. అయినా అది తప్పే అయింది, ఎందుకంటే తప్పు పనితనంలో లేదు, చెప్పకపోవడంలో ఉంది. జ్యూరీ తీర్పు వచ్చాక ఆ కంపెనీ ఎంత చిన్న రిపేరునైనా వెల్లడించాలని తన విధానాన్ని మార్చుకుంది. చెప్పడం కష్టమైన పనేమీ కాదని దీన్నిబట్టే తెలుస్తోంది.

ఇదే సమస్య నాకు ఎదురైంది. విజయవాడలో కారు బుక్ చేసి, బిల్లు వేయకముందే బండిని చూస్తానని అడిగి, ఊరి బయట హైవే పక్కన డీలరు కొత్త కార్లు నిలిపి ఉంచే స్టాక్‌యార్డుకు వెళ్లాను. షోరూం దీపాల కింద కంటే అక్కడి ఎండలో రంగు నిజం చెబుతుంది. ఎడమ వైపు వెనుక తలుపు మీద, హ్యాండిల్ కింద, ఏటవాలుగా చూస్తే తెల్లగా కనిపించే రెండంగుళాల గీత ఉంది. గోటితో అడ్డంగా గీస్తే గోరు ఆగీ ఆగనట్టు జారిపోయింది, తడి వేలు ఆనిస్తే గీత కనిపించకుండా పోయి, ఆరగానే తిరిగి వచ్చింది. అంటే దెబ్బ క్లియర్ కోటులోనే ఆగింది, రంగు దాకా దిగలేదు. బాడీషాపు ఇన్‌చార్జి వచ్చి చూసి, "రేపు సాయంత్రానికి డోర్ మొత్తం కొట్టించేస్తాను సార్, గ్యారంటీ నాది" అని మనస్ఫూర్తిగానే అన్నారు. నేను వద్దన్నాను. నా ఎదుటే చేతితో తేలికగా పాలిష్ పెట్టి, ఎంతవరకు తగ్గితే అంతవరకు తగ్గించి, మిగిలింది కాగితం మీద రాసి ఇవ్వమన్నాను. ఆయనకు ఇది వింతగా తోచింది. గీత పోవాలని గొడవ పడే కస్టమర్లనే ఆయన చూశారు తప్ప, గీత ఉంచి సంతకం చేయమనే మనిషిని చూసినట్టు లేరు.

డెలివరీ నోట్‌లో చాసిస్ నంబరు కింద వారు రాసింది ఇదీ: "ఎడమ వైపు వెనుక తలుపు, హ్యాండిల్ కింద, క్లియర్ కోటు మీద రెండంగుళాల గీత. పెయింట్ వేయలేదు. చేతి పాలిష్ మాత్రమే చేశాం." తేదీ, సంతకం, ముద్ర. దానికి బదులుగా యాక్సెసరీల బిల్లులో కొంత తగ్గించారు. ఆ గీత ఇప్పటికీ ఉంది, వెతికితే కనిపిస్తుంది. రేపు ఎవరైనా ఆ తలుపు మీద మీటరు ఆనిస్తే పక్క తలుపుతో సమానమైన అంకే వస్తుంది.

పాలిష్‌కు ఒప్పుకోవడంలో కూడా ఒక హద్దు ఉంది. రబ్బింగ్ పాలిష్ గీతను నింపదు, గీత చుట్టూ ఉన్న క్లియర్ కోటును అరగదీసి గీత లోతుకు దగ్గర చేస్తుంది. ఉన్నదే నలభై మైక్రాన్లు కనుక, ప్రతిసారీ పోయే కొద్ది మైక్రాన్లు తిరిగి వచ్చేవి కావు. కాబట్టి ఒకసారి, తేలికగా, అవసరమైన చోట మాత్రమే. మిషన్ పెట్టి కారు మొత్తానికి "ఫుల్ బాడీ రబ్బింగ్" చేసి ఇస్తామంటే, కొత్త కారుకు అది అక్కర్లేదని చెప్పి ఆపాలి.

ఇక బావ అడిగే ప్రశ్న ఒకటుంది, ఆయన ఒక్కరే కాదు, చాలామంది అడుగుతారు. హైదరాబాదులో మెట్రో స్తంభాల పక్కన, విజయవాడలో బెంజి సర్కిల్ దగ్గర ఆటోల మధ్య నడిపే బండికి నెల తిరిగేలోగా గీతలు పడడం ఖాయమైనప్పుడు, మొదటి రోజు గీత గురించి ఇంత రాద్ధాంతం ఎందుకు? నా చేతికి వచ్చాక పడే గీత నా వాడకంలో భాగం, దాని బాధ్యత నాది. నా చేతికి రాకముందు పడిన గీత అమ్మేవాడి సరుకులో లోపం, దాని విలువ ధరలో కనిపించాలి. ఈ రెండింటినీ ఒకే గాటన కట్టడం అమ్మేవాడికి అనుకూలమే గాని న్యాయం కాదు. అలాగని పిన్నుతో పొడిచినంత ధూళి చుక్కకు కారునే తిరస్కరించాలనేవారితో కూడా నేను ఏకీభవించను. ఫ్యాక్టరీలో సైతం రంగులో చిక్కుకున్న ధూళి రేణువును చివర్లో రుద్ది పాలిష్ చేయడం మామూలే. బత్తాయి తొక్కలా కాస్త ఎగుడుదిగుడుగా కనిపించే రంగు తలం చాలా కార్ల మీద, ఖరీదైన వాటి మీద కూడా ఉంటుంది. వాటిని లోపాలుగా లెక్కపెట్టుకుంటూ పోతే అమ్ముడయ్యే కారే ఉండదు.

అసలు ఇలాంటి గీతలు ఎక్కడ పడతాయి? శ్రీపెరుంబుదూరు నుంచో, గురుగ్రాం నుంచో, పుణె దగ్గరి చాకణ్ నుంచో కార్లు క్యారియర్ లారీల మీద వందల కిలోమీటర్లు వస్తాయి. పెనుకొండ దగ్గర తయారయ్యే కియా కారైనా విశాఖపట్నం షోరూం చేరాలంటే రాష్ట్రం ఆ చివరి నుంచి ఈ చివరికి రావలసిందే. ఎక్కించేటప్పుడు, దించేటప్పుడు ఒకటీ అరా గీతలు పడతాయి. వాటికంటే ఎక్కువ హాని స్టాక్‌యార్డులో జరుగుతుందని నా నమ్మకం. నెలల తరబడి ఎండలో, సిమెంటు దుమ్ములో నిలిపిన బండి మీద పక్షి రెట్టలు ఎండి క్లియర్ కోటును తినేస్తాయి, బోరు నీళ్లతో కడిగి తుడవకుండా వదిలేస్తే ఉప్పు మచ్చలు దిగబడతాయి. అన్నిటికంటే పెద్ద శత్రువు పొడి గుడ్డ. డెలివరీకి ముందు దుమ్ము పట్టిన బానెట్టును కుర్రాడు పొడి గుడ్డతో గుండ్రంగా తుడుస్తాడు, దాని మీద శాటిన్ ముసుగు కప్పి, ఫొటో కోసం లాగుతారు. నల్ల కారు మీద ఎండలో కనిపించే సన్నని గుండ్రటి గీతలు చాలావరకు అలా వచ్చినవే.

మనవైపు దీనికి ముహూర్తం తోడవుతుంది. ఆషాఢంలో, మూఢంలో కొనకుండా ఆగినవారంతా మంచి రోజు రాగానే, దసరాకో ధనత్రయోదశికో, ఒకేసారి డెలివరీలు కోరుకుంటారు. ఆ ఉదయం షోరూంలో వరుసగా బండ్లు, ప్రతి బండి చుట్టూ ఒక కుటుంబం, కొబ్బరికాయలు, నిమ్మకాయలు, కేకు, ఫొటోలు. అంత సంబరంలో ఇంటి పెద్దవాళ్ల ఎదుట మోకాళ్ల మీద కూర్చుని తలుపు అంచులు తడుముతూ లోపాలు వెతకడం ఎవరికైనా అశుభంగానే తోస్తుంది, ఒకవేళ కనిపించినా శుభమా అని బయలుదేరేటప్పుడు ఆ మాట ఎత్తబుద్ధి కాదు. ముహూర్తాన్ని నేను తప్పు పట్టడం లేదు, మా ఇంట్లోనూ చూస్తాం. ముహూర్తం బండిని ఇంటికి తెచ్చుకోవడానికి, బండిని పరీక్షించడానికి కాదు. పరీక్ష దానికి రెండు మూడు రోజుల ముందే, పగటి వెలుగులో, ఇన్వాయిస్ వేయకముందు, రిజిస్ట్రేషన్ చేయించకముందు జరగాలి. ఆ దశలో పెద్ద లోపం కనిపిస్తే ఈ చాసిస్ నంబరు వద్దు, ఇంకొకటి చూపించండి అని అడగడం సులువు. బండి మన పేరున ఎక్కి, లైఫ్ ట్యాక్స్ కట్టాక అదే మాట అడిగితే ఎవరూ వినరు.

పూజ గురించి కూడా ఒక మాట చెప్పాలి. కొండగట్టులోనో, బెజవాడ అమ్మవారి కొండ దగ్గరో వాహన పూజ చేయించినప్పుడు బానెట్టు మీద పసుపుతో స్వస్తిక్ వేసి కుంకుమ పెడతారు. అది ఎండిపోయాక పొడి గుడ్డతో రుద్దితే అందులోని నలక రంగును గీస్తుంది. ఆ రోజు సాయంత్రమే నీళ్లు పోసి నానబెట్టి, మెత్తని తడి గుడ్డతో తీసేస్తే చాలు. పంతులుగారిని అడిగితే అద్దం మీదో, నంబరు ప్లేటు పైనో బొట్టు పెట్టి పూజ చేస్తారు, అందులో లోటేమీ ఉండదు.

రంగు వేయడమే సరైన సందర్భాలు కొన్ని ఉన్నాయి, వాటిని కాదనడం మొండితనమవుతుంది. బంపర్లు, సైడు అద్దాల తొడుగులు ప్లాస్టిక్‌వి. వాటికి ఈడీ కోటూ లేదు, తుప్పు భయమూ లేదు, ఫ్యాక్టరీలో కూడా వాటికి చాలావరకు విడిగానే రంగు వేస్తారు, కనుక మార్చినా, మళ్లీ కొట్టినా పోయేదేమీ లేదు. లోపలి ప్లాస్టిక్ తొడుగు మీద, సీటు మీద మరక ఉంటే ఆ భాగాన్నే మార్చమని నిస్సంకోచంగా అడగవచ్చు. గీత రేకు దాకా దిగి లోహం కనిపిస్తుంటే మాత్రం ఆలస్యం పనికిరాదు. కాకినాడ, మచిలీపట్నం, విశాఖ లాంటి సముద్రపు గాలి తగిలే ఊళ్లలో అక్కడ తుప్పు త్వరగా మొదలవుతుంది. గీత సన్నదైతే రంగు కోడ్ చూసి తెప్పించిన టచప్ రంగును ఆ గీతలోనే నింపవచ్చు. వెడల్పయినదైతే ఆ కారును చిన్న లోపమున్న కారుగా చూడడం మానేసి, వేరే కారు అడగాలి.

షోరూంలలో వినిపించే మరో సలహా గురించి హెచ్చరించకుండా ఉండలేను. డెలివరీ అయిన కొద్ది రోజులకు లోపం చూపిస్తే, "బంపర్ టు బంపర్ ఇన్సూరెన్సు ఉంది కదా సార్, క్లెయిమ్ చేసేద్దాం" అంటారు. మన చేతికి రాకముందు పడిన గీతను మన చేతిలో పడినట్టు రాసి సంతకం చేయడం అబద్ధపు క్లెయిమ్. దానికి తోడు మొదటి ఏడాది క్లెయిమ్ లేకపోతే ఓన్ డ్యామేజీ ప్రీమియంలో (మన బండికి జరిగే నష్టం కోసం కట్టే భాగంలో) రావలసిన 20 శాతం నో క్లెయిమ్ బోనస్ పోతుంది, పైగా ఆ తలుపుకు మనమే రంగు వేయించుకున్నట్టు రికార్డు మిగులుతుంది. వారి తప్పుకు మన పాలసీ ఖర్చు కావడం ఎక్కడి న్యాయం?

చట్టం కూడా కొనేవాడికి అండగానే ఉంది. 1930 నాటి వస్తువుల విక్రయ చట్టం 41వ సెక్షన్ ప్రకారం, ముందుగా చూడని సరుకును పరీక్షించుకునే సహేతుకమైన అవకాశం దొరికేదాకా కొనేవాడు దాన్ని అంగీకరించినట్టు కాదు. అయితే తరువాతి సెక్షన్ ప్రకారం, అభ్యంతరం చెప్పకుండా తగినంత కాలం దగ్గర ఉంచుకుంటే అంగీకరించినట్టే. అందుకే లోపం చూసిన రోజే, ఫొటోలు జతచేసి, ఈమెయిల్‌లో రాయడం ముఖ్యం. నోటిమాటగా సేల్స్ ఎగ్జిక్యూటివ్‌కు చెప్పినది అతను ఉద్యోగం మారగానే పోతుంది. 2019 వినియోగదారుల రక్షణ చట్టం లోపానికి ఇచ్చిన నిర్వచనంలో నాణ్యతలోని ఎలాంటి కొరత అయినా ఇమిడేంత విశాలత ఉంది. 1915 నంబరుకు ఫోన్ చేసి ఫిర్యాదు చేయవచ్చు, రెండేళ్లలోగా జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవచ్చు. ఎవరి మీద ఫిర్యాదు చేయాలన్నది మాత్రం జాగ్రత్తగా చూసుకోవాలి. గోవాలో 2011 మోడల్‌కు డబ్బు తీసుకుని 2009లో తయారైన కారు అంటగట్టిన కేసులో, డీలరు చేసిన పని కంపెనీకి తెలుసని రుజువు లేనప్పుడు టాటా మోటార్స్‌ను బాధ్యురాలిని చేయలేమని 2021లో మన సుప్రీంకోర్టు చెప్పింది. కంపెనీకీ డీలరుకూ మధ్య ఉన్నది సరుకు కొని అమ్ముకునే ఇద్దరు స్వతంత్ర వ్యాపారుల సంబంధం. కాబట్టి స్టాక్‌యార్డులో పడిన గీతకు, చెప్పకుండా వేసిన రంగుకు జవాబు చెప్పవలసింది మొదట డీలరే.

కోర్టుల దాకా పోకుండా ఇది తీరే దారి ఉంది, అది డీలర్ల చేతిలోనే ఉంది. ప్రతి కొత్త బండికీ డెలివరీకి ముందు పరీక్ష జరుగుతుంది, దానికి ఒక ఫారమ్ ఉంటుంది, ఏ రేకు మీద ఏముందో అందులో నింపే మనిషి ఉంటాడు. ఆ ఫారమ్ మామూలుగా షోరూం ఫైలులోనే ఉండిపోతుంది, చాలాచోట్ల కొన్నవాడికి ఇవ్వరు. దాని నకలును ఇన్వాయిస్‌తో పాటు ఇవ్వాలి. అందులో ఒక్కో రేకు ఎదుట మీటరు చూపిన అంకె, బండి ఫ్యాక్టరీ దాటాక ఎక్కడైనా రంగు వేస్తే ఆ సంగతి, తేదీతో సహా ఉండాలి. మీటరు ఖరీదు కారు అమ్మేవారికి లెక్కలోనిది కాదు, రేకులన్నీ చూడడానికి పట్టేది పది నిమిషాలు. వారంతట వారు ఇచ్చేదాకా, బుకింగ్ సొమ్ము కట్టే రోజునే ఈ కాగితం కావాలని ఈమెయిల్‌లో అడగండి, ఇవ్వనంటే ఆ మాటే రాసి పంపమనండి.